మధుమేహం ఒంటరిగా రాదు

మన ఇళ్ళలో మధుమేహం ప్రస్తావన వచ్చినప్పుడు "ఆయనకు నిరుడు సంక్రాంతి వెళ్ళాక షుగరు వచ్చింది" అంటూ ఉంటారు. ఏదో దూరపు చుట్టం ఫలానా రోజున రైలు దిగి ఇంటికి వచ్చినట్లు, ఆ రాకకు ఒక తేదీని కూడా చెబుతారు. ఆ తేదీ రక్తపరీక్ష జరిగిన తేదీయే కాని వ్యాధి పుట్టిన తేదీ కాదు. రక్తంలో చక్కెర హద్దు దాటి కంటబడడానికి ఎన్నో ఏళ్ళ ముందే నడుము చుట్టుకొలత పెరుగుతుంది, రక్తపోటు మెల్లగా ఎక్కుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు హెచ్చుతాయి, మేలుచేసే కొలెస్ట్రాల్ తగ్గుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది. ఈ లక్షణాల గుంపునే ఆధునిక వైద్యులు మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నారు. ఈ వ్యాసంలో దానిని "జీవక్రియా రుగ్మతల కూటమి" అని, క్లుప్తంగా "కూటమి" అని వ్యవహరిస్తాను.

నా వైద్యశాలకు వచ్చే మధ్యవయస్కులలో చాలామంది చేతిలో మూడు నాలుగు ఫైళ్ళతో వస్తారు. ఈమధ్య వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి సంగతే చూద్దాము. వయస్సు 47. రక్తపోటుకు ఆరేళ్ళుగా ఒక వైద్యుని వద్ద మాత్రలు తీసుకుంటున్నారు. కాలి బొటనవ్రేలి కీలు వాచి, యూరిక్ ఆమ్లం ఎక్కువైందని తేలితే దానికి మరొక వైద్యుడు. ఎప్పుడో తీయించిన కడుపు స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని వ్రాసి ఉన్నది, కాని ఆ కాగితాన్ని ఎవరూ రెండవసారి చూడలేదు. ట్రైగ్లిజరైడ్లు 260. రాత్రి గురక ఎక్కువ. ఇప్పుడు పరగడుపు చక్కెర 138 అని తేలడంతో కంగారుపడి వచ్చారు. "ఇన్ని జబ్బులు నా ఒక్కడికే ఎందుకు వచ్చాయండీ?" అన్నది ఆయన ప్రశ్న. ప్రక్కనే కూర్చున్న ఆయన భార్య, "మీ నాన్నగారికి ఉంది కదండీ, వంశంలో ఉన్నదే వచ్చింది" అన్నారు. వంశం మాట నిజమే. అయితే ఆ నాలుగు ఫైళ్ళలో ఉన్నవి నాలుగు వేర్వేరు జబ్బులు కావని, ఒకే మూలానికి పుట్టిన కొమ్మలని వారిద్దరికీ ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఆరేళ్ళ క్రితం రక్తపోటు మొదటిసారి కనబడినప్పుడే తెలిసి ఉంటే, ఐదవ కొమ్మగా చక్కెర రాకుండా ఆపే అవకాశం బాగా ఉండేది.

కూటమిని కనుగొన్న తీరు

ఇది క్రొత్తగా పుట్టిన ఊహ కాదు. స్వీడన్ దేశపు వైద్యుడు కీలిన్ 1923లోనే అధిక రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుట, యూరిక్ ఆమ్లపు వాతం ఒకే మనిషిలో కలిసి కనబడుతున్నాయని వ్రాశాడు. 1947లో ఫ్రాన్సులోని మార్సే నగరానికి చెందిన జాన్ వాగ్ అనే వైద్యుడు మరొక సూక్ష్మాన్ని గమనించాడు. కొవ్వు ఎంత ఉన్నదన్న దానికంటె ఎక్కడ ఉన్నదన్నది ముఖ్యమని, పిరుదులు, తొడల వద్ద చేరిన కొవ్వు కంటె శరీరపు పైభాగంలో, పొట్టలో చేరిన కొవ్వే మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీస్తుందని ఆయన పరిశీలన.

1988లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ రీవెన్ ఈ విడి విడి పూసలను ఒక దారంలో గ్రుచ్చాడు. ఆ దారం పేరు ఇన్సులిన్ నిరోధకత. ఆయన దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు. విచిత్రమేమంటే ఆయన మొదటి పట్టికలో స్థూలకాయం లేనేలేదు. నడుము కొలత తరువాత వచ్చి చేరి, ఇప్పుడు అన్నిటికంటె ముందు వరుసలో నిలబడింది.

ఈనాడు వాడుకలో ఉన్న గుర్తులు ఐదు. పొట్ట వద్ద చుట్టుకొలత మన దేశపు పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉండుట, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్.డి.ఎల్. అనే మంచి కొలెస్ట్రాల్ పురుషులలో 40 కంటె, స్త్రీలలో 50 కంటె తక్కువ. రక్తపోటులో పైసంఖ్య 130 గాని క్రిందిసంఖ్య 85 గాని చేరుట లేదా దానిని మించుట. పరగడుపు చక్కెర 100 లేదా ఆపైన. వీటిలో ఏవైనా మూడు ఉంటే కూటమి ఉన్నట్లు లెక్క. ఇప్పటికే వీటికి మందులు వాడుతున్నవారిలో సంఖ్యలు బాగున్నా ఆ గుర్తు ఉన్నట్లే లెక్కించాలి. పాశ్చాత్యులకు మొదట పెట్టిన నడుము హద్దులు 102, 88 సెంటీమీటర్లు. ఆ కొలత మనకు పనికిరాదని గ్రహించి 2005లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దక్షిణాసియా వారికి వేరుగా హద్దులు నిర్ణయించింది.

ఈ పేరు అవసరమా అన్న వాదం కూడా లేకపోలేదు. అమెరికా, ఐరోపా మధుమేహ వైద్యసంఘాలు రెండూ కలిసి 2005లో ఒక ప్రకటన చేస్తూ, గుర్తులను విడివిడిగా చూచి చికిత్స చేసినా సరిపోతుంది, ప్రత్యేకంగా ఒక వ్యాధి పేరు తగిలించనక్కర లేదన్నాయి. వాదం వైద్యులకు ముఖ్యమే. కాని నాలుగు ఫైళ్ళు మోసుకుంటూ తిరిగే గృహస్థునకు ఈ పేరు వల్ల ఒక మేలు ఉన్నది. తన ఫైళ్ళన్నిటినీ ఒకేచోట పరచి చూడాలన్న బుద్ధి దాని వల్ల పుడుతుంది.

వినిపించని పిలుపు

అన్నం తిన్న తరువాత రక్తంలో చేరిన చక్కెరను కండరాలలోకి పంపే బాధ్యత క్లోమగ్రంథి నుండి ఊరే ఇన్సులిన్‌ది. బడికి వెళ్ళవలసిన పిల్లవాణ్ణి తెల్లవారి నిద్రలేపే తల్లిని తలచుకోండి. మంచి పిల్లవాడైతే ఒక్క పిలుపుకే లేస్తాడు. బద్ధకం పెరిగితే రెండుమార్లు, ఆపైన నాలుగుమార్లు, చివరకు గొంతు చించుకుని పిలవాలి. ఎలా పిలిచినా పిల్లవాడు బడికి వెళ్ళాడు గనుక వీధిలోని వారికి ఇంట్లో తేడా ఉన్నట్లే తెలియదు. ఇన్సులిన్ నిరోధకత సరిగా ఇటువంటిదే. కండరాలూ కాలేయమూ పిలుపును సరిగా వినవు. క్లోమం రెండింతలు, మూడింతలు ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. చక్కెర పరీక్ష చేయిస్తే "నార్మల్" అని వస్తుంది. కొన్నేళ్ళకు ఆ తల్లి గొంతు బొంగురుపోతుంది. అప్పుడు మాత్రమే చక్కెర పైకి ఎక్కుతుంది. బ్రిటన్‌లో ఎన్నో ఏళ్ళపాటు సాగిన ఒక గొప్ప మధుమేహ పరిశోధనలో, వ్యాధి బయటపడే నాటికే ఇన్సులిన్ ఊరే శక్తి ఇంచుమించు సగం తగ్గి ఉన్నదని అంచనా కట్టారు.

గొంతు చించుకున్న ఆ ఏళ్ళలో ఇన్సులిన్ ఊరకే ఉండదు. ఎక్కువైన ఇన్సులిన్ మూత్రపిండాలు ఉప్పును బయటకు పంపకుండా నిలవ చేసుకునేట్లు చేస్తుంది. రక్తపోటు పెరగడానికి ఇది ఒక కారణం. పొట్ట లోపలి కొవ్వు నుండి కరిగి వచ్చే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిలో కొంత తనలో దాచుకొని కొవ్వు పట్టినదవుతుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదలుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినచోట హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. అదే కాలేయం రాత్రిపూట మనము ఏమీ తినకపోయినా చక్కెరను తయారు చేస్తూనే ఉంటుంది. ఆపమని ఇన్సులిన్ చెప్పే మాట దానికి వినబడదు. "రాత్రి రెండు పుల్కాలే తిన్నానండీ, తెల్లవారేసరికి 140 ఎలా వచ్చింది?" అని అడిగేవారికి సమాధానం ఇందులోనే ఉన్నది.

2017లో వెలువడిన బ్రిటన్ వారి మరొక పరిశోధన ఈ సంబంధాన్ని ఎదురుదిశ నుండి నిరూపించింది. మధుమేహం వచ్చి ఆరేళ్ళు దాటని 306 మందిని తీసుకొని, వారిలో ఒక వర్గానికి వైద్యుల పర్యవేక్షణలో కొన్ని నెలలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తరువాత ఆ వర్గంలో నూటికి 46 మందిలో మందులు లేకుండానే చక్కెర మధుమేహపు హద్దు క్రిందికి దిగింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవారిలో నూటికి 86 మంది అటువంటివారు. కాలేయం నుండి, క్లోమం నుండి కొవ్వు వదలిపోవడమే దీనికి కారణమని వారు చూపించారు. మనవారు ఇంట్లో సొంతంగా ఇటువంటి కఠినోపవాసాలకు పూనుకోరాదు. మాత్రలు వేసుకుంటూ తిండి మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

సన్నగా కనిపించే లావు

"నేను లావుగా లేను కదా" అనే పాఠకులకు ఒక చిత్రమైన ఫోటో సంగతి చెప్పాలి. 2004లో ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్‌లో పుణె నగరపు డాక్టర్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు డాక్టర్ యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రం అచ్చయింది. ఎత్తుకు తగిన బరువును చెప్పే బి.ఎం.ఐ. ఇద్దరికీ సమానంగా 22.3. చూపులకు ఇద్దరూ సన్నమే. కాని శరీరంలోని కొవ్వు కొలిస్తే ఆంగ్లేయునికి 9.1 శాతం, మనవారికి 21.2 శాతం! కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వులోనూ పొట్టలో చేరేది ఎక్కువ. మన దేశీయుల దేహతత్వం ఇది.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగి 2023లో వెలువడిన సర్వే ఇదే మాట అంకెలలో చెప్పింది. పెద్దవారిలో స్థూలకాయులు నూటికి 28.6 మంది కాగా, పొట్ట పెరిగినవారు నూటికి 39.5 మంది. అంటే తూకపు యంత్రం తప్పుపట్టని ఎందరినో టైలరు టేపు పట్టుకుంటున్నది. ఆ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, దాని గడపలో నిలబడి ఉన్నవారు 13.6 కోట్లు.

కనుక ఇంట్లో బరువు తూచే యంత్రం లేకపోయినా ఒక టేపు ఉండాలి. చివరి ప్రక్కటెముక క్రిందకు, తుంటి ఎముక పైఅంచుకు నడిమధ్యన, బట్ట అడ్డం లేకుండా, ఊపిరి మామూలుగా వదలిన తరువాత కొలవాలి. పొట్ట లోపలికి లాగి కొలిస్తే ఎవరిని మోసగించినట్లో వేరే చెప్పనక్కర లేదు. పురుషులు ప్యాంటు కొలతను నమ్మరాదు. పదేళ్ళుగా 34 అంగుళాల ప్యాంటే తొడుగుతున్నానని గర్వంగా చెప్పేవారిలో చాలామందికి బెల్టు ఏటేటా పొట్ట క్రిందికి జారుతూ ఉంటుంది. చీర కట్టే స్త్రీలకు ఆ సూచన కూడా ఉండదు. లోపలి లంగా బొందు ఎంత పొట్టకైనా సర్దుకుపోతుంది.

ప్రాచీనులు ఏమన్నారు?

మూత్రం అధికంగా, కలుషితంగా పోయే రోగాలను ఆయుర్వేదం ప్రమేహాలని పిలిచింది. కఫజములు 10, పిత్తజములు 6, వాతజములు 4, వెరసి 20. వీటిలో చివరిదశ మధుమేహం. చరకసంహితలో ప్రమేహ కారణాల పట్టిక చూస్తే ఈనాటి మధ్యతరగతి ఇంటి దినచర్య చూచినట్లే ఉంటుంది. సుఖాసనాలపై ఎక్కువసేపు కూర్చొనుట, అతినిద్ర, పెరుగు, పాలు, మాంసరసాలు, క్రొత్త ధాన్యాలు, బెల్లంతో చేసిన వంటకాలు, కఫాన్ని పెంచే సమస్తమూ అందులో ఉన్నవి. అతిపోషణ వల్ల వచ్చే రోగాలను ఒక అధ్యాయంలో గుదిగ్రుచ్చి, వాటిలో ప్రమేహాన్ని, స్థౌల్యాన్ని ఒకేచోట చెప్పాడు చరకుడు.

స్థూలకాయుని గురించిన అధ్యాయంలో మరొక విశేషం ఉన్నది. మేదస్సు మార్గాలను అడ్డగించడం వల్ల మిగిలిన ధాతువులకు పోషణ అందదు. మేదస్సు ఒక్కటే పెరుగుతుంది. దారి మూసుకుపోయిన వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ జఠరాగ్నిని రగిలిస్తుంది. అందుచేత తిన్న కొద్దీ ఆకలి వేస్తుంది. తిండి ఉన్నా కండరానికి అందకపోవడం, ఒంటికి కొవ్వే పట్టడం అన్న ఈ వర్ణన నేటి శాస్త్రం చెప్పే దానికి చాలా దగ్గరగా ఉన్నదని నాకు తోస్తుంది. అయితే చరకునికి ఇన్సులిన్ తెలుసునని వాదించడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఆయన రోగిని జాగ్రత్తగా చూచాడు. అంతవరకే అనడం ఆయనకు నిజమైన గౌరవం.

సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ప్రమేహ రోగులు రెండు రకాలని చెప్పాడు. పుట్టుకతో బీజదోషం వల్ల వచ్చేది ఒకటి. ఆ రోగి కృశించి ఉంటాడు, దప్పిక ఎక్కువ. అపథ్యం వల్ల వచ్చేది రెండవది. ఆ రోగి స్థూలుడు, తిండిపై, నిద్రపై, కూర్చోవడంపై మక్కువ గలవాడు. మొదటివానికి పోషణ, రెండవవానికి కర్శనం. ఒకే పేరుగల రోగానికి రెండు విరుద్ధమైన చికిత్సలు చెప్పడంలోని ఔచిత్యం నేడు ఇంట్లో చిట్కాలు పాటించేవారు తప్పక గ్రహించాలి.

ఎందుకు ఇంతగా నొక్కి చెబుతున్నానంటే, ఒక సంఘటన ఇప్పటికీ నా మనస్సులో ఉన్నది. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, వెదురుపుల్లలా ఉంటాడు. చిన్ననాటి నుండి ఇన్సులిన్ సూదులు తీసుకుంటున్నాడు. ఎవరో మూలికల పొడి ఇచ్చి, సూది అవసరం లేదన్నారట. నాలుగు రోజులు మానేశాడు. తల్లి నా దగ్గరకు తీసుకొచ్చేసరికి రొప్పుతున్నాడు, వాంతులు, నోట పండిన పండ్ల వాసన. రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయిన స్థితి అది. నేను నాడి చూస్తూ కూర్చోలేదు, ఆటో పిలిపించి పెద్ద ఆసుపత్రికి పంపాను. బ్రతికాడు. ఇటువంటి మొదటి రకం మధుమేహానికీ, మనం చెప్పుకుంటున్న కూటమికీ సంబంధం లేదు. అక్కడ తల్లి గొంతు బొంగురుపోలేదు, ఇంట్లో తల్లియే లేదు. ఇన్సులిన్‌ను బయటినుండి ఇచ్చి తీరాలి. దానికి ప్రత్యామ్నాయమైన మూలిక ఏదీ లేదు. సన్నగా ఉండి, త్వరత్వరగా బరువు తగ్గుతూ, అతిదాహం, అతిమూత్రం గలవారు ఏ వయసువారైనా ఈ వ్యాసంలోని చిట్కాల జోలికి పోక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

కంచంలోని సవరణలు

కూటమికి మొదటి ఔషధం ఆహారమే. స్థూలునికి గురువైనదీ, అతర్పణమైనదీ అయిన ఆహారం ఇవ్వాలని చరకుని సిద్ధాంతం. కడుపులో నెమ్మదిగా అరగాలి, ఆకలి తీర్చాలి, కాని ఒళ్ళు పెంచకూడదు. అందుకు ఆయన మెచ్చిన ధాన్యం యవలు, అంటే బార్లీ. నేటి భాషలో పీచుపదార్థం మెండుగా గల ఆహారమన్నమాట.

మన ఇళ్ళలో చిక్కు ఏమంటే, ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బిస్కట్లు, రాత్రి ఉప్మా. పేర్లు నాలుగు, పదార్థం ఒకటే. రాత్రి అన్నం మానేశామని తృప్తిపడి నాలుగు చపాతీలు తినేవారికి ఒరిగేది స్వల్పం. కంచంలో సగం కూర, ఆకుకూర ఉండాలి. పావువంతు గట్టిపప్పు, పెసలు, శనగలు, మాంసాహారులకు చేప లేదా గ్రుడ్డు. మిగిలిన పావువంతే అన్నం. ముందు కూర, పప్పు కొంత తిని ఆ తరువాత అన్నం కలుపుకుంటే, భోజనానంతరం చక్కెర అంత ఎత్తుకు ఎగరదు. మరపట్టిన తెల్లని బియ్యానికి బదులు దంపుడు బియ్యం, కొర్రలు, జొన్నలు మంచివే. అయితే కొర్రలు తిన్నా కొలత కొలతే. పలుచని రాగిజావను మందులా గ్లాసులకొద్దీ త్రాగేవారు చాలామంది కనబడుతున్నారు. మెత్తని పిండిని జావ కాస్తే అది త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది. జావ కంటె జొన్నరొట్టె మేలు.

రక్తపోటు ఉన్నవారు ఊరగాయ, అప్పడం, వడియాల సంగతి చూసుకోవాలి. రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించరాదు. పరగడుపున తేనె, నిమ్మరసం త్రాగితే కొవ్వు కరుగుతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉన్నది. చరకుడు స్థూలునికి తేనె చెప్పినమాట నిజమే. కాని చక్కెర ఇప్పటికే హద్దు దాటినవారికి రోజూ రెండు చెంచాల తేనె అంటే రెండు చెంచాల చక్కెర వంటిదే. నేను నా రోగులచేత మాన్పిస్తున్నాను.

నడక

పేద ప్రమేహ రోగి చెప్పులు, గొడుగు లేకుండా నూరు యోజనాలు నడవాలని, నూతులు త్రవ్వాలని సుశ్రుతుడు విధించాడు. యోజనానికి ఎనిమిది మైళ్ళని లెక్కవేసుకుంటే ఎనిమిది వందల మైళ్ళు! రోజుకు రెండు మైళ్ళు నడిచే ఉద్యోగి ఏడాదికి సుమారు ఆ దూరం పూర్తిచేస్తాడు, గొడుగు వేసుకున్నా ఫరవాలేదు. చెప్పులు మాత్రం విడువరాదు. మధుమేహులకు పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు, తగిలిన గాయం తెలియదు.

కదిలే కండరం ఇన్సులిన్ పిలుపు లేకపోయినా చక్కెరను లోపలికి తీసుకోగలదు. అందుచేత తెల్లవారి అరగంట నడకకు తోడు, భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నడక ఎంతో ఉపకరిస్తుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిపై జరిపి 2006లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో మనకు ప్రామాణికం. వారంతా మధుమేహపు గడపలో ఉన్నవారు. ఏ జోక్యమూ లేనివారిలో మూడేళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. ఆహారం మార్చి, రోజుకు కనీసం అరగంట నడిచినవారిలో 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ ఫలితం దాదాపు ఇంతే. వీరి బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ మేలు జరిగింది. "నెల నడిచాను, కిలో కూడా తగ్గలేదు" అని నడక మానేసేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

ఇంటి మందులు

మెంతులు: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు శర్మ, రఘురాం ప్రభృతులు 1990 ప్రాంతంలో మెంతులపై చేసిన పరిశోధనలలో చక్కెర, రక్తంలోని కొవ్వులు రెండూ తగ్గినట్లు తేలింది. వారి ప్రయోగాలలో రోజుకు 25 గ్రాములు, ఆపైన వాడారు. పోపులో వేసే చిటికెడు దానికి సాటి కాదు. చెంచాడు మెంతులు రాత్రి నానబెట్టి ఉదయం నమిలి తింటూ ప్రారంభించి, కడుపుబ్బరం లేకుండా చూసుకుంటూ క్రమంగా పెంచాలి. మెంతిపిండిని మజ్జిగలోను, రొట్టెపిండిలోను కలుపుకోవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాడరాదు. గర్భిణులు ఇంత మోతాదు వాడరాదు.

ఉసిరిక, పసుపు: ప్రమేహంలో ఈ రెండింటి జోడిని వాగ్భటుడు అగ్రౌషధంగా చెప్పాడు. తాజా ఉసిరికరసం రెండు చెంచాలలో పావుచెంచా పసుపు కలిపి ఉదయం తీసుకోవాలి. ఎండు ఉసిరికపొడి అరచెంచా నీటితో తీసుకున్నా సరే. ఎండలో బెల్లంపాకం పట్టిన ఉసిరి మురబ్బా దీనికి ప్రత్యామ్నాయం కాదు.

వేగిస: దీనినే పెద్దేగి అంటారు. సంస్కృతంలో విజయసార. భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రకటించిన ప్రయోగంలో, క్రొత్తగా మధుమేహం బయటపడినవారికి రోజుకు 2 నుండి 4 గ్రాముల వరకు ఇవ్వగా, పన్నెండు వారాలలో 97 మందికి 67 మందిలో చక్కెర అదుపులోకి వచ్చింది. పోల్చి చూడడానికి మందులేని వర్గం ఆ ప్రయోగంలో లేదు గనుక పరిమితిగల సాక్ష్యమే. ఆ కొయ్యతో చేసిన గ్లాసులో నీరు పోసి ఉంచి త్రాగుట వేరు, తూచిన మందు వాడుట వేరు.

పొడపత్రి: ఆకు నమిలితే అరగంట సేపు నాలుకకు తీపి తెలియదు. తీపిపై మనసు పోయేవారికి, ముఖ్యంగా పెళ్ళిభోజనాలకు వెళ్ళే ముందు, ఇది మంచి ఉపాయం.

ఇవన్నీ ఆహారానికి, నడకకు, వైద్యుడిచ్చిన మందులకు తోడు మాత్రమే. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు వీటిని మొదలుపెట్టినప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనబడితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, తరువాత వైద్యుని సంప్రదించాలి. పొట్లాలలో అమ్మే పేరులేని పొడులను నమ్మవద్దు. మూలికలని చెప్పి అందులో గ్లిబెన్‌క్లమైడ్ వంటి ఇంగ్లీషు మందు కలిపి అమ్మిన ఉదంతాలు పరీక్షలలో బయటపడ్డాయి. వారం రోజులలో 300 నుండి 120కి దింపే పొడి ఎవరైనా ఇస్తే, సంతోషించే ముందు అనుమానించాలి.

పైన చెప్పిన బ్యాంకు ఉద్యోగి రక్తపోటు మాత్ర మానలేదు, నేను మాన్పించలేదు. చక్కెరకు ఆయన వైద్యుడు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. ఆహారం, నడక, మెంతులు నా వంతు. ఏడు నెలలలో నడుము 101 సెంటీమీటర్ల నుండి 94కు దిగింది, ట్రైగ్లిజరైడ్లు 170కి, పరగడుపు చక్కెర 108కి వచ్చాయి. గురక తగ్గిందని ఆయన భార్య చెప్పారు. ఇంకా నాలుగు సెంటీమీటర్లు మిగిలి ఉన్నవి.

ఎవరు, ఎప్పుడు చూపించుకోవాలి?

తల్లిదండ్రులలో ఎవరికైనా మధుమేహం ఉన్నవారు, నడుము హద్దు దాటినవారు ముప్ఫయ్యవ ఏట నుండే ఏడాదికొకసారి రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వుల పరీక్ష చేయించుకోవాలి. గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర కనబడి, ప్రసవం కాగానే పోయిన స్త్రీలు దానిని మరచిపోతున్నారు. ప్రసవమైన ఆరు నుండి పన్నెండు వారాలలో ఒకసారి, అటుపైన జీవితాంతం విడువక పరీక్ష చేయించుకోవలసినవారు వీరు. నెలసరి సరిగా రాక, గడ్డం వద్ద వెంట్రుకలు మొలిచే యువతులలోనూ ఇన్సులిన్ నిరోధకత తరచుగా కనబడుతుంది.

చివరగా తల్లులకు ఒక మాట. పదీ పన్నెండేళ్ళ పిల్లల మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మఖమల్ గుడ్డలా మందంగా అవుతూ ఉంటుంది. మురికి పట్టిందని సున్నిపిండి పెట్టి ఎర్రబడేలా రుద్దుతారు. అది ఎంత రుద్దినా పోదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనందున చర్మంపై కనబడే గుర్తు అది. పిల్లవాని బరువు కూడా ఎక్కువగా ఉంటే రుద్దడం మాని టేపుతో నడుము కొలిచి, ఒకసారి పిల్లల వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించండి.